సూరి నియమం తప్పాడు

పోయిన ఫాల్గుణంలో ఒక శుక్రవారం పొద్దున్నే మా అత్తగారు స్నానం చేసి, మడిచీర తెచ్చుకుందామని వెళ్ళినవారు వెళ్ళినట్టే నిలబడి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అని పిలిచారు. ఆవిడ కేకవేస్తే నాకు భయం లేదు. నెమ్మదిగా పిలిస్తేనే భయం. పొయ్యిమీద పాలు మావారికి అప్పగించి వెళ్ళాను.

దండెం మీదనుంచి జారి పీటమీద పడ్డ మడిచీర మీద జానెడు మేర తడి. వాసన సంగతి చెప్పనక్కరలేదు. పిల్లి ఉన్న ఇంటివారికి చెప్పకపోయినా తెలుసు. లేనివారికి తెలియకపోవటమే మేలు.

"మీ సూరి చేసిన ఘనకార్యం" అన్నారావిడ.

నేను నమ్మలేదు. సూరి అలాంటి పని చేసేవాడు కాడు. ఆరేళ్ళ కిందట తుఫాను వానలో గేటు సందులోంచి దూరి వచ్చిన పిల్లికూన వాడు. ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక పోసి పెడితే, ఎవరూ నేర్పకుండానే రెండో నాడు దాంట్లో దిగి, గొయ్యి తీసి, పని ముగించుకుని, నాలుగు వైపులనుంచీ ఇసుక లాగి కప్పి, వాసన చూసి, సరిపోలేదనుకుని మరికాస్త కప్పి, అప్పుడు గాని బయటికి రాలేదు. ఆ నిష్ఠ చూసి నాకు బాలవ్యాకరణం జ్ఞాపకం వచ్చింది. పరవస్తు చిన్నయసూరిగారు మన్నిస్తారులే అన్న ధైర్యంతో పిల్లికి సూరి అని పేరు పెట్టేశాను. తెలుగు లెక్చరరు ఇంట్లో పిల్లికి అంతకంటే ఏం పేరు వస్తుంది? ఆరేళ్ళలో ఆ సూత్రానికి ఒక్క అపవాదం లేదు.

నిజానికి ఇది మా సూరి గొప్ప కాదు, జాతి గొప్ప. ఇళ్ళలో తిరిగే పిల్లులన్నిటికీ మూలపురుషులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లులు. ఇసుకలో గొయ్యి తీసి కప్పెట్టడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. అవి మనిషి పంచ చేరి ఎంత కాలమయిందంటే, సైప్రస్ ద్వీపంలో తొమ్మిదిన్నర వేల ఏళ్ళ నాటి ఒక మనిషి సమాధి పక్కన, మూరెడు దూరంలో, పిల్లి అస్థిపంజరం బయటపడినట్టు 2004లో ప్రకటించారు. అంత పాత చుట్టరికం ఉన్నా, పిల్లిని ఇంట్లోనే ఉంచి పెంచటం మాత్రం కొత్త ముచ్చట. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 1947లో ఒక పొరుగింటావిడ, పిల్లికి బూడిద పోస్తుంటే ఇల్లంతా పాదముద్రలు పడుతున్నాయని విసిగి, ఎడ్వర్డ్ లోవ్ అనే వ్యాపారిని ఇసుక అడిగిందట. ఆయన ఇసుకకు బదులు, నూనె మరకలు పీల్చే ఒక రకం మట్టి ఇచ్చాడు. అక్కడినుంచి అదొక పెద్ద వ్యాపారమయింది. ఇప్పుడు మన అంగళ్ళలో దొరికేది ఎక్కువగా బెంటొనైట్ అనే బంకమట్టి. తడి తగలగానే ఉండకడుతుంది. ఆ ఉండ ఎత్తి పారేస్తే మిగతాది శుభ్రంగా ఉంటుంది. మా తొట్టిలోకూడా ఇసుక పోయి ఈ మట్టి వచ్చి నాలుగేళ్ళయింది.

ఇంతకీ ఆ శుక్రవారానికి పదిరోజుల ముందు మా ఇంట్లో ఒక విశేషం జరిగింది. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి కాలేజీనుంచి వస్తూ పుస్తకాల సంచీలో ఒక కూనను తెచ్చింది. మూడురంగుల పిల్ల. గుప్పెడు లేదు గాని గొంతు మాత్రం వీధి చివరకు వినిపిస్తుంది. దానికి మిర్చి అని పేరు పెట్టారు. తెచ్చిన క్షణానే హాల్లో, సూరి ముందు దింపేశారు. "వాళ్ళే సర్దుకుంటారులే" అన్నారు మావారు. కొత్తకోడలిని తెచ్చి వంటింట్లో దింపినప్పుడు కూడా మగవాళ్ళు ఈ మాటే అంటారు.

సూరి వెంట్రుకలన్నీ నిక్కపొడుచుకుని, బుస్సుమని, బీరువామీద కెక్కి కూర్చున్నాడు. రెండు రోజులు దిగలేదు. మూడో రోజున దిగి అన్నం తిన్నాడు. సరే, రాజీ కుదిరిందనుకున్నాం.

మడిచీర తరవాత ఆదివారంనాడు మా అమ్మాయి పరుపు. మర్నాడు స్నానాలగదిలో తూము పక్కన గచ్చుమీద. ఆ పైన, చెప్పటానికే సిగ్గుగా ఉంది, నేను దిద్దటానికి తెచ్చుకున్న జవాబు పత్రాల సంచీ. సంధులు, సమాసాలు తెలియని కుర్రవాళ్ళ రాతలకు సూరి ఇచ్చిన మార్కులు అవేనని మావారు పరిహాసమాడారు గాని, నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఇది కసి. "సవతి వచ్చిందని కడుపుమంట, అందుకే సాధిస్తున్నాడు" అని అత్తగారు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. మెడపట్టి తీసుకువెళ్ళి, తడిసిన చోట ముక్కుపెట్టి రాసి, నెత్తిమీద ఒకటి వేశాను. మా చిన్నతనంలో మా పెద్దవాళ్ళు అలాగే చేసేవారు. తరవాత ఆ చోటల్లా ఫినాయిల్ వేసి కడిగాను. ఈ రెండూ ఎంత తప్పో తరవాత తెలిసింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర మావారు, "గోనెసంచీలో పెట్టి కాలవ అవతల వదిలేస్తే సరి" అన్నారు. మాది ఏలూరు. కాలవలకు కొదవలేదు. పిల్లి దారి మరిచిపోవాలంటే నీళ్ళు దాటించాలని వెనకటి నమ్మకం. మా అమ్మాయి కంచం ముందునుంచి లేచిపోయింది. అత్తగారు ఏమీ అనలేదు. నేను వద్దనలేదు. ఇది రాయకుండా ఉండవచ్చును. కాని నిజం అదే. నేను వద్దనలేదు. గోనెసంచీ ఎక్కడుందా అని కూడా ఆలోచించాను.

గురువారం రాత్రి పదింటికి పత్రాలు దిద్దుతూ చూద్దును కదా, సూరి తొట్టిలోకి వెళ్ళటం, కూర్చోవటం, లేవటం. అక్కడినుంచి స్నానాలగది. అక్కడా కూర్చోవటం, లేవటం. మళ్ళీ తొట్టి. ఒక్క చుక్క లేదు. నాలుగోసారి కూర్చుని, ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు. మావారు మలబద్ధమేమో అన్నారు. అత్తగారికి పాపం జాలివేసి, నొప్పికి సగం పారాసిటమాల్ మాత్ర పాలలో కలిపి పెట్టమన్నారు. మా అమ్మాయి అడ్డుపడింది. అడ్డుపడింది గనక బతికిపోయాం. పిల్లి శరీరం ఆ మందును విరిచి బయటికి పంపలేదు. మనకు జ్వరం తగ్గించే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయటానికి చాలు.

ఆ రాత్రే ఒక పశువైద్యురాలికి ఫోను చేస్తే వెంటనే తీసుకురమ్మంది. వయసులో మా విద్యార్థినుల ఈడు పిల్ల. పొట్ట తడిమి చూసి, "నిమ్మకాయంత ఉండవలసిన మూత్రాశయం బత్తాయంత అయి రాయిలా ఉందమ్మా. దారి మూసుకుపోయింది. ఎప్పటినుంచి పోయటం లేదు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఎక్కడెక్కడ పోశాడో లెక్క వేసుకున్నాను గాని, ఎప్పుడు మానేశాడో చూడలేదు.

మగపిల్లికి మూత్రనాళం సన్నం. లోపల వాపు వచ్చినా, సన్నటి స్ఫటికాలు, జిగురు చేరినా మూసుకుపోతుంది. మూసుకుపోతే బయటికి పోవలసిన విషాలు, పొటాషియం రక్తంలో పేరుకుని, చివరికి గుండె ఆగుతుంది. రెండు మూడు రోజులకంటే వ్యవధి ఉండదు. మాటిమాటికీ వెళ్ళి కూర్చుని ముక్కటం, అరవటం, అదేపనిగా అక్కడ నాక్కోవటం, చుక్క రాకపోవటం, ఆ తరవాత వాంతులు, ఇవి చూస్తే తెల్లవారనివ్వకూడదు. సూరికి మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం వేసి దారి తెరిచారు. సెలైను ఎక్కించారు. మూడు రోజులు అక్కడే ఉన్నాడు. ఆ మూడు రోజులూ మా అమ్మాయి నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "ఈ మధ్య ఇంట్లోకి కొత్తగా ఎవరైనా వచ్చారా?" అంది. మిర్చి సంగతి చెప్పాను. తల ఊపింది.

పిల్లుల్లో ఈ మూత్రాశయపు వాపుకు, చాలా సందర్భాల్లో, రాయీ ఉండదు, సూక్ష్మజీవీ ఉండదట. బెదురే కారణంలో పెద్ద భాగం. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బఫింగ్టన్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి ఈ జబ్బునే పరిశీలించాడు. 2011లో ఆయన బృందం ప్రకటించిన పరిశోధనలో తేలినదేమంటే, వేళ తప్పి అన్నం పెట్టటం, రోజూ చూసుకునే మనిషి మారటంవంటి అలవాటు లేని మార్పు వస్తే, జబ్బున్న పిల్లులే కాదు, నిక్షేపంలాంటి ఆరోగ్యంతో ఉన్న పిల్లులు కూడా తిండి తగ్గించి, వాంతులు చేసుకుని, తొట్టి వదిలి బయట చేస్తాయి. వేళ మారితేనే అంత అయితే, ఇక ఇంట్లోకి ఇంకొక పిల్లిని దింపితే చెప్పేదేముంది? కసి అనేది మన మనసులోని మాట. మనం మనిషికి పెట్టే నేరం తీసుకువెళ్ళి పిల్లికి పెట్టాం.

"మరి దారి తెరిచారు కదా, ఇక తొట్టిలోకే వెళతాడా?" అని అడిగాను. "చెప్పలేం. తొట్టిలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుట్టింది. నొప్పి తన ఒంట్లో ఉందని దానికి తెలియదు, తొట్టిలో ఉందనుకుంటుంది" అంది.

నాకు వెంటనే తెనాలి రామకృష్ణుని పిల్లి జ్ఞాపకం వచ్చింది. రాయలవారు పిల్లిని, పాలకు ఆవును ఇస్తే, మొదటి రోజునే సలసల కాగిన పాలు పెట్టి మూతి కాల్చాడనీ, ఆ తరవాత పాలు చూస్తేనే పారిపోయేదనీ కథ. కవిగారి తెలివికి మెచ్చుకుని ఇన్నేళ్ళూ క్లాసులో నవ్విస్తూ చెప్పాను. ఆ పిల్లి వైపునుంచి ఒక్కనాడూ ఆలోచించలేదు. మెత్తటి చీర, పరుపు, చల్లటి గచ్చు, ఇవన్నీ సూరి నొప్పి పుట్టని చోటు వెతుక్కుంటూ పోయిన చోట్లు. నేను ముక్కు రాసి నేర్పింది మాత్రం ఒక్కటే. ఈవిడ ఉండగా పోయకూడదని.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి ఒక పూటంతా తొట్టికి ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కాసింది. గుట్టు అప్పుడు బయటపడింది. మా తొట్టి ఉన్నది బట్టలుతికే యంత్రానికీ గోడకూ మధ్య సందులో. కంటికి కనపడకుండా ఉంటుందని నేనే అక్కడ పెట్టాను. లోపలికి ఒకటే దారి. సూరి తొట్టిలోకి దిగగానే మిర్చి ఆ సందు మొదట్లో, తలుపు చాటున మాటువేస్తుంది. బయటికి రాగానే ఎగిరి మీదపడుతుంది. దానికి ఆట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఎలుక స్థానంలో మా పిల్లి వచ్చిపడింది. అభిమన్యుడికి పద్మవ్యూహంలోంచి బయటపడటం తెలియదు. సూరికి తెలుసు, రానిచ్చేవారే లేరు. పైగా ఒక్కొక్కసారి సరిగ్గా అప్పుడే యంత్రం గడగడమని తిరగటం మొదలుపెడుతుంది. చాలదన్నట్టు, కూన వచ్చింది కదా, వాసన పెరుగుతుందని, నేను ఆ వారమే మల్లెపూల పరిమళం కలిపిన మట్టి తెచ్చి పోశాను. మన ముక్కుకు పరిమళం. పిల్లి ముక్కుకు అది ఘాటు.

అంచేత ముందు పాత మట్టి తెచ్చాం. పిల్లులు ఎన్నో తొట్లు అన్ని, పైన ఇంకొకటి, అన్నది డాక్టరమ్మ చెప్పిన లెక్క. మాకు మూడు. మూడూ వరసగా ఒకేచోట పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే, ఎందుకంటే ఒక్క మిర్చి మూడింటికీ కాపలా కాయగలదు. వేరువేరు చోట్ల పెట్టాలి. కనీసం రెండు వైపులనుంచి తప్పించుకునే దారి ఉండాలి. మూత ఉన్న తొట్టి పనికిరాదు. పొడుగు, ముక్కునుంచి తోకమొదలు దాకా పిల్లి ఎంతుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు. మా పాత తొట్టిలో సూరి తిరగటానికే చోటు లేదని అప్పుడు చూశాం. బజారుకు వెళ్ళి, బట్టలు దాచుకునే వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టెలు కొని, మావారు ఒకవైపు అంచు కోసి, ఎక్కటానికి అనువుగా చేశారు. గోనెసంచీ మాట అన్నందుకు ఆయన చేసిన ప్రాయశ్చిత్తం అది. పైకి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకటి హాల్లో కిటికీ కింద. ఒకటి మా గదిలో. మూడోదానికి చోటు దొరకలేదు. చివరికి దొడ్డి వరండా మిగిలింది. అది అత్తగారి రాజ్యం. తులసికోట ఎదురుగా ఆ తొట్టి ఏమిటని ఆవిడ ససేమిరా అన్నారు. రెండు రోజులు ఆ సంగతి ఎత్తలేదు. మూడోనాడు ఆవిడే పెట్టెను ఎత్తి, తులసికోటకు కనపడకుండా స్తంభం పక్కన పెట్టి, "నా మడిచీరకంటే ఇదే నయం" అన్నారు.

ఫినాయిల్ దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది. ఫినాయిల్ వాసన మన ముక్కును కప్పుతుంది గాని పిల్లి ముక్కును మోసగించలేదు. దాని కింద పాత వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది, ఇదే చోటు అనుకుని మళ్ళీ అక్కడికే వస్తుంది. అమోనియా ఉన్న ద్రావకాలయితే మూత్రం వాసనకే దగ్గర, పిలిచి పీట వేసినట్టే. అంతకంటే ముఖ్యం, ఫినాయిల్ పిల్లికి విషం. అడుగులకు అంటుతుంది, అడుగులు నాక్కుంటుంది. ఎంజైములున్న బట్టల సబ్బుపొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి, నానబెట్టి, తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడవటం మంచిది. పరుపు రెండుసార్లకు గాని లొంగలేదు.

ఇక మిర్చి. తెచ్చిన రోజున చేయవలసిన పని నెల తరవాత మొదలుపెట్టాం. దాన్ని మా అమ్మాయి గదిలో, తన తిండి, తన నీళ్ళు, తన చిన్న తొట్టితో వేరే ఉంచాం. నా పాత నేతచీర రెండు ముక్కలు చేసి, ఒకటి సూరి పక్కలో, ఒకటి మిర్చి పక్కలో వేసి, రెండు రోజులకొకసారి మార్చేవాళ్ళం. ముఖాలు చూసుకోకముందే వాసనలు పరిచయం కావాలి. వెనకటి పెళ్ళిసంబంధాలలో జాతకాలు ముందు వెళ్ళినట్టు. తరవాత మూసిన తలుపుకు ఇటు ఒకరికి, అటు ఒకరికి అన్నం. రోజురోజుకూ గిన్నెలు తలుపుకు దగ్గరగా. మొదట్లో సూరి రెండు ముద్దలు తిని బుస్సుమనేవాడు. వారానికి బుస్సు మానేశాడు. పదోరోజున మాకు ఉత్సాహం ఎక్కువై తలుపు బార్లా తీసేశాం. ఒక్క ఉరుకు, ఒక్క అరుపు, పూలకుండీ రెండు ముక్కలు. సూరి మళ్ళీ బీరువా ఎక్కాడు. మర్నాడు మళ్ళీ పరుపు తడిసింది. మొదటికి వచ్చాం. ఈసారి ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. అత్తగారే, "పాపం, బెదిరిపోయాడు" అన్నారు. రెండోసారి తలుపు వేలెడు సందు తీయటానికే వారం పట్టింది. మొత్తం మీద నెలన్నర.

నీళ్ళు ఎక్కువ తాగించమన్నారు గనక ఇంట్లో నాలుగుచోట్ల నీళ్ళగిన్నెలు పెట్టాం. పొడి తిండి తగ్గించి, ఉప్పు కారం లేకుండా ఉడికించిన చేప ముళ్ళు తీసి కొంచెం, దానితోబాటు డాక్టరమ్మ రాసిచ్చిన తడి తిండి పెడుతున్నాం.

పాఠకులు పొరపాటు పడకుండా ఒక మాట. పిల్లి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ, గోడమీదనో తలుపుమీదనో చిలకరిస్తే అది వేరే వ్యవహారం. అది సరిహద్దురాళ్ళు పాతటం. సకాలంలో ఆపరేషను చేయిస్తే చాలావరకు మానేస్తాయి, ఆడపిల్లులకైనా సరే. సూరికి ఎప్పుడో చేయించాం. మిర్చికి ఆరో నెల నిండనిచ్చి చేయించాం. ఏ రకమయినా, ముందు చూపించవలసింది మాత్రం వైద్యుడికే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక హాజరుపట్టీ ఉంది. కాలేజీలో పాతది ఒకటి సగం ఖాళీగా మిగిలితే తెచ్చాను. మట్టిలో కట్టిన ఉండలు ఎత్తే పని మా అమ్మాయిది. పూటకు ఎన్ని, ఏ తొట్టిలో అన్నది రాస్తుంది. ఎవరివో చెప్పటం కష్టమే, అయినా ఎక్కువగా ఉండ పెద్దదయితే సూరి, చిన్నదయితే మిర్చి. దొడ్డి వరండా తొట్టి లెక్క మాత్రం అత్తగారే నోటితో చెబుతారు. స్నానానికి ముందే చూసి వస్తారు, తరవాతయితే మైల. ఇవాళ పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే తలుపు దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, సూరివి రెండు రాసుకో" అన్నారు.